బల్లకు కుడివైపు

తన బతుకు వీధి మొహం చూడకుండా సందులో పడి కుళ్లిపోవడానికి కారణం ఎవరని అడిగితే, అడక్కపోయినా సరే, కీచు చెప్పే పేరు ఒక్కటే. బుంగన్న. పరాయివాడైతే నాలుగు తిట్టి ఊరుకునేవాడు. సొంత అన్నాయె. చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని వీధులన్నీ తిప్పినవాడు, పెద్దయ్యాక అదే భుజంతో పక్కకి నెట్టేశాడు.

కీచు అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. హార్మోనియం పెట్టెలు చేసే ఇంట్లో పుట్టి, ఊహ తెలిసినప్పటినుంచీ పెట్టెకి కుడివైపున సన్నగా పలికే మెట్ల మీదే వేళ్లు ఆడించినందుకు వీధివాళ్లు తగిలించిన పేరు. ఎడమవైపు బొంగురు మెట్లు వాయించే అన్న బుంగన్న అయ్యాడు. ఇప్పుడు కీచుకి యాభై దాటాయి. ముందు పళ్లు రెండు ఊడాయి గానీ పేరు మాత్రం ఊడలేదు. మర్యాద తెలిసినవాళ్లు కీచుగారూ అని పిలుస్తారు. అది ఇంకా మంట.

తండ్రి కట్టిన పనిగది రైలుపెట్టెలా పొడుగ్గా ఉండేది. వెడల్పు పన్నెండడుగులు, పొడవు అరవై. ముందు పెద్ద వీధి, జనం, అద్దాల షాపులు. వెనక సందు, మురుగుకాలువ, సైకిల్ షెడ్డువాడు పారేసిన టైర్లు. తండ్రి ఉన్నంతకాలం ఎవరికీ ముందూ వెనకా అన్న ఆలోచనే రాలేదు. రంపం వెనక, అమ్మకం ముందు, అన్నం మధ్యలో.

పదకొండేళ్ల కిందట తండ్రి ఆసుపత్రిలో పోయాడు. ఆ పూట కీచు అక్కడ లేడు. ఊరి అవతల ఎవరికో పెట్టె అప్పజెప్పి రమ్మని అన్నే పంపాడు. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. నెల తిరక్కుండా అన్న మేస్త్రీని తీసుకొచ్చి గది మధ్యలో సున్నంతో గీత గీయించాడు. నిలువుగా కాదు, అడ్డంగా. నిలువునా పంచితే ఇద్దరికీ చెరో ఆరడుగుల వీధి మొహం వచ్చేది. అడ్డంగా పంచితే ముందు సగం అన్నది, వెనక సగం తమ్ముడిది.

ఇదేం పంపకమని అడిగితే అన్న రెండు మాటలు చెప్పాడు. మొదటిది, ఆరడుగుల్లో పెట్టే షాపుని షాపనరు, నడవా అంటారు. రెండోది, పోయేముందు నాన్న అలాగే చెప్పాడు. మొదటి మాటకి కీచు దగ్గర జవాబుంది. రెండోదానికి లేదు, ఎందుకంటే ఆ మాట విన్నవాడు అన్న ఒక్కడే. కానీ ఆసుపత్రిలో తండ్రిని చూసుకున్న నర్సమ్మని కీచు తర్వాత కలిశాడు. చివరి రెండు రోజులూ మీ నాన్న గొంతు పెగల్లేదయ్యా, దుప్పటి మీద వేళ్లు కదిలిస్తూ పడుకునేవాడు, అందామె. అంతే, కీచుకి దొరకాల్సింది దొరికింది. గొంతే పెగలనివాడు ముందు సగం వెనక సగం అని కొలతలు ఎలా చెబుతాడు? అన్న అబద్ధమాడాడు. తండ్రి శవం చల్లారకముందే తండ్రి నోట్లో తన మాట పెట్టాడు.

నలుగురిలో అడిగి కడిగెయ్యాలనుకున్నాడు. అడగలేదు. కోపంలో కాగితాల మీద సంతకం గీకేసి, నీ వీధిలో నువ్వే ఊరేగు అని సందువైపుకి వెళ్లిపోయాడు. గోడ లేచింది. ఆ రోజునుంచి కీచు ఒకే ఒక్క వాక్యం కోసం కాచుకుని కూర్చున్నాడు. 'నాన్న అలా అనలేదురా, నేనే అన్నాను.' ఇంతే. అన్న వచ్చి ఆ మాటంటే తను ఎలా మొహం తిప్పుకోవాలో, ఎంతసేపు నిలబెట్టాలో కూడా అనుకుని పెట్టుకున్నాడు. ఆకురాయితో స్వరం పలికే ఇత్తడి రీడుని గీస్తూ, పెదాల కింద ఆ వాక్యాన్ని అన్న గొంతుతో పలికి చూసుకునేవాడు. భార్య చూసి, ఎవరితోనండీ మాటలు అనేది. నీతో కాదులే అనేవాడు.

ఇక్కడ ఆ ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. వాళ్లు చేసేవి చేత్తో గాలి కొట్టే చిన్న పెట్టెలు కావు. బల్ల వేసుకుని కూర్చుని, కింద పీటలు కాళ్లతో తొక్కుతూ రెండు చేతులా వాయించే పెద్ద పెట్టెలు. ఏ పెట్టె అయినా గడప దాటే ముందు దాన్ని ఇద్దరు కలిసి వాయించాలి. ఎడమవైపు కూర్చున్నవాడు తొక్కుతూ కింది మెట్లు వాయిస్తాడు, కుడివైపు కూర్చున్నవాడు పై మెట్లు. తండ్రి ఇందుకోసమే ఒక పాట కట్టాడు. మాటల్లేవు, పేరు లేదు. ఏ మెట్టూ తప్పించుకోకుండా, మెల్లగా ఒకసారీ గట్టిగా ఒకసారీ, పక్కదానితో కలిసి ఒకసారీ పలికేలా కట్టిన పాట. ఒంటరిగా నొక్కితే ప్రతి మెట్టూ బుద్ధిమంతుడిలాగే పలుకుతుందనీ, పక్కన నాలుగు పలుకుతున్నప్పుడే దాని కంత బయటపడుతుందనీ తండ్రి అనేవాడు. ఆ పాట ఆసాంతం నిలబడితే పెట్టె అమ్మకానికి వెళ్లేది. ఎక్కడ గురకపెట్టినా మళ్లీ బల్ల ఎక్కేది.

పాట మధ్యలో ఒక చోటుంది. అక్కడ కుడివైపువాడు చిట్టచివరి మెట్టుదాకా ఎగబాకి మళ్లీ దిగి రావాలి. ఏడేళ్ల వయసులో కీచు చేతులు పొట్టి. అంత దూరం అందాలంటే బల్ల మీద పక్కకి జరగాలి. జరిగేసరికి ఆలస్యమయ్యేది. తండ్రి వెనకనుంచి మొట్టికాయ వేసేవాడు. అన్న మాత్రం ఏమీ అనేవాడు కాదు. కింద ఒక్క స్వరాన్ని పట్టుకుని, తమ్ముడు దిగి వచ్చేదాకా దాన్ని వదలకుండా తొక్కుతూ కూర్చునేవాడు. ఆ కాసేపూ తమ్ముడి వైపు చూసేవాడు కాదు. ఎదురుగా సందు తలుపులోంచి బయటికి చూసేవాడు, అక్కడేదో బండి పోతున్నట్టు. వాడి తడబాటు తను చూడలేదు అన్నట్టు. తర్వాత కీచు చేతులు పొడుగయ్యాయి, జరగాల్సిన పని లేకపోయింది. అయినా ఆ ఆగడం పాటలో అలాగే ఉండిపోయింది. తీసెయ్యమని తండ్రీ అనలేదు.

గోడ లేచాక ఎవరి పెట్టెలు వాళ్లు చేసుకున్నారు. ఎవరి సగం పాట వాళ్లు వాయించుకున్నారు. రెండో సగం నేర్చుకోవడం ఇద్దరికీ కష్టం కాదు, వింటూ పెరిగినదే. కానీ నేర్చుకుంటే వాడు లేకుండా గడిచిపోతుందని ఒప్పుకున్నట్టు. కీచు నేర్చుకోలేదు. అన్న కూడా నేర్చుకోలేదని గోడ ఇవతలికి తెలుస్తూనే ఉండేది. ఫలితం ఏమిటంటే, కీచు చేసిన పెట్టెలు కుడివైపు తేనె, ఎడమవైపు దగ్గు. అన్న చేసినవి ఎడమవైపు గంభీరం, కుడివైపు పిల్లి తోక తొక్కినట్టు. పెట్టె కొనాలంటే సగం ముందు షాపులో, సగం వెనక షాపులో కొని మేకులు కొట్టుకోవాలని వీధిలో జోకు పుట్టింది. ఆ జోకుకి నవ్వనివాళ్లు ఇద్దరే. ముందు షాపుకి వీధి మొహం ఉంది కాబట్టి కొంతకాలం నెట్టుకొచ్చింది. సందులోకి వెతుక్కుంటూ వచ్చేవాడెవడు? ఏటేటా కీచు గిరాకీ సన్నబడింది. పెట్టెలు చెయ్యడం మానేసి, బడుల్లోని పాత పెట్టెలకి గాలితిత్తుల తోళ్లు మార్చే పనులు తెచ్చుకున్నాడు. అలాంటి పనికి పోయిన ప్రతిసారీ, ఆరడుగుల వీధి మొహం నాకుంటేనా అని పైకే అనేవాడు.

అలాంటి రోజుల్లో ఒకనాటి పొద్దున గోడ అవతల ఏదో దబ్బున పడింది. అన్న ఏ చెక్కో జారవిడిచాడని కీచు అనుకున్నాడు. చెక్క కాదు, అన్నే. పక్షవాతం. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, వాటితోపాటు మాటా పోయింది.

మాటంతా పోలేదు. ఒక్క మాట మిగిలింది. 'రేపు.' ముప్పై ఏళ్లుగా, నా పెట్టె ఎప్పుడిస్తావయ్యా అని వచ్చిన ప్రతివాడికీ చెప్పిన మాట. ఆకలేస్తోందా అంటే రేపు. నొప్పిగా ఉందా అంటే రేపు. వైద్యుడు నీ పేరేంటని అడిగితే, ఆలోచించి, రేపు అన్నాడట. వీధంతా అయ్యో అంది, కాస్త దూరం పోయాక నవ్వుకుంది.

కీచు నవ్వలేదు, అయ్యో అనలేదు. వేషం అన్నాడు. భార్య ఒకసారి వెళ్లి చూసి రమ్మని పోరింది. రక్తం పంచుకు పుట్టినవాడండీ, గడప దాటితే అరిగిపోతారా అంది. రక్తం ఒక్కటే సమంగా పంచాడులే అన్నాడు కీచు. కానీ పని చేసుకుంటున్నప్పుడు చెవి గోడవైపే ఉండేది. కొన్నాళ్లు అవతల చప్పుడే లేదు. తర్వాత ఒక మధ్యాహ్నం సన్నగా మూలుగులాంటిది మొదలైంది. రెండోసారి విన్నాక అది మూలుగు కాదని తెలిసింది. నోరు మూసుకుని తీస్తున్న రాగం. పాటలో ఎడమవైపు సగం. ఒక్క స్వరం తప్పకుండా, మొదటినుంచి ఆ ఆగే చోటుదాకా. అక్కడ ఆగి, కాసేపు అదే స్వరం పట్టుకుని, పాట పడిపోయేది. మళ్లీ మొదటినుంచి. కీచు లేచి రంపం అందుకున్నాడు. కొయ్యాల్సిన చెక్క లేకపోయినా కోశాడు.

అన్న మంచాన పడ్డ కొన్ని నెలలకి ముందు షాపు దగ్గర మందుల దుకాణం అతను టేపు పట్టుకుని కనిపించాడు. వదిన అమ్మేస్తోంది. వైద్యానికి ఉన్నది ఊడ్చిపెట్టేసింది, మిగిలిన మనిషిని తీసుకుని తన చెల్లెలి ఊరు వెళ్లిపోతానంటోంది. ఆమె తప్పేం లేదని కీచుకి తెలుసు. తెలిసినా చేతిలో పని పక్కన పడేశాడు. పరాయివాడి చేతికి వెళ్లాక ఆ ఆరడుగులు ఎవరిని అడుగుతాడు? ఆ వాక్యం ఎవరి నోట వింటాడు?

చెప్పులు కూడా వేసుకోకుండా కలప అడితి బాబాయి దగ్గరికి పోయాడు. తండ్రికి నలభై ఏళ్లు చెక్క అమ్మినవాడు, ఆ వీధిలో తగువులకి పెద్ద దిక్కు. అంతా విని, బాబాయి వదినని పిలిపించి మాట్లాడాడు. వదిన గట్టి మనిషి గానీ అన్యాయపు మనిషి కాదు. ఆయన అబద్ధం చెప్పాడని ఆయనే ఒప్పుకుంటే గోడ కొట్టేసి నిలువునా పంచుదాం, మరిదికి రావాల్సింది మరిది తీసుకోవచ్చు, మిగిలిందే నేనమ్ముకుంటాను అంది. ఒప్పుకోకపోతే మాత్రం ఇక నా గుమ్మంలో ఈ పంచాయితీ పెట్టొద్దని కూడా అంది. సరే, అతన్నే అడుగుదాం అన్నాడు బాబాయి. మాట లేని మనిషిని ఎలా అడగాలో మాత్రం ఎవరూ అనుకోలేదు.

పదకొండేళ్ల తర్వాత కీచు ముందు షాపులో అడుగుపెట్టాడు. అన్న కుర్చీలో ఉన్నాడు. ఒకప్పుడు పెట్టెని ఒంటి చేత్తో లేపినవాడు, చొక్కాలో సగమయ్యాడు. కుడి చెయ్యి ఒళ్లో ఎవరో పెట్టి మర్చిపోయినట్టుంది. గోడ పక్కన ఆఖరి పెట్టె, మెరుగు పెట్టకుండా ఆగిపోయింది, ముందు బల్ల. మందుల దుకాణం అతను వాకిట్లో స్టూలు మీద కూర్చున్నాడు, ఇదంతా తొందరగా తేలితే బావుండునన్నట్టు. వదిన కుర్చీ వెనక నిలబడింది. అన్న తమ్ముణ్ని చూసి, బాగున్న సగం మొహంతో ఏదో చేశాడు. నవ్వో ఏడుపో తెలియకుండా పడిపోయిన సగం అడ్డుపడింది.

బాబాయి గొంతు సవరించుకుని మెల్లగా, బడిపిల్లాడికి చెప్పినట్టు విడమరిచి అడిగాడు. మీ నాన్న ముందు సగం నీకే అన్నాడని చెప్పావు కదా, అది నిజమేనా, నువ్వు కల్పించిందా?

"రేపు," అన్నాడు అన్న, ఎంతో మర్యాదగా.

మందుల దుకాణం అతను నవ్వుని దగ్గు కింద మార్చుకున్నాడు. కూతురి పెట్టె బాగుచెయ్యమని ఇచ్చి ఏడాదిపాటు ఈ మాటే విన్నవాడు అతను కూడా.

తల ఊపమందాం అన్నాడు బాబాయి. ఈమె నీ భార్యేనా అంటే అన్న తల ఊపాడు. బాబాయికి హుషారొచ్చింది. ఇది నీ షాపేనా అంటే ఊపాడు. ఎందుకైనా మంచిదని, నువ్వు ఏనుగువా అని అడిగాడు. అన్న దానికీ అంతే మర్యాదగా ఊపాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకి తిరిగింది.

కీచుకి ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు కాచుకున్న వాక్యం ఈ ఏనుగుల మధ్య తప్పిపోతోంది. కుర్చీ ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"మాట పోయిందా అన్నా, ఇవ్వాల్సి వస్తుందని మింగేశావా? నాన్న చచ్చిపోతుంటే నన్ను ఊరవతలికి తోలావు. గొంతు లేనోడు నీకు మాత్రం కొలతలతో సహా చెప్పాడా? ఒక్క మాట. అబద్ధమాడానురా అను. నాకు షాపు కూడా అక్కర్లేదు."

షాపు కూడా అక్కర్లేదన్నది అబద్ధమని అంటూండగానే అతనికి తెలుసు.

అన్న నోరు తెరిచాడు. లోపల ఏదో పెద్దది గొంతుదాకా వచ్చి అడ్డంగా ఇరుక్కున్నట్టు మెడ నరాలు లేచాయి. "రే," అన్నాడు. "రే, రేపు, రేపు." తనకే చిరాకేసింది. ఎడమ చేత్తో కుర్చీ చేతిని దబదబా కొట్టాడు, తర్వాత పెట్టె వైపు చూపించాడు. వదిన నిట్టూర్చింది. రోజూ ఇంతే మరిదీ, కూర్చోబెట్టేదాకా ఊరుకోడు అంది. మాటలుండే చోటు దెబ్బతింది, పాటలుండే చోటు వేరేనని వైద్యుడు చెప్పాడట. ఆమె భుజం ఆసరా ఇచ్చి అతన్ని బల్ల దాకా నడిపించింది.

ఒక్కడే వాయించేవాడు మధ్యలో కూర్చుంటాడు. అన్న ఎడమ చివరికంటా జరిగి కూర్చున్నాడు. కుడివైపు బల్ల ఖాళీగా ఉంది.

ఎడమ కాలు ఒక్కటే తొక్కుతోంది. రెండు కాళ్ల గాలి కావాల్సిన పెట్టెకి ఒంటికాలి గాలి. స్వరం నిలకడగా రాకుండా, మెట్లెక్కే ముసలివాడిలా ఎగశ్వాస పెడుతూ వచ్చింది. ఎడమ చెయ్యి వాయించగలిగినంత వాయించింది, అందనిది గొంతుతో తీశాడు. తండ్రి కట్టిన పాట. ముందు షాపులో ఆ పాట సగమే ఎలా వినిపిస్తుందో కీచుకి ఇదే మొదటిసారి తెలియడం. గోడ అవతలినుంచి విన్నప్పుడు అది అన్న సగంలా ఉండేది. ఇక్కడ అది తను లేని సగంలా ఉంది.

ఆగే చోటు వచ్చింది. అన్న వేలు ఒక్క మెట్టు మీద నిలబడిపోయింది. కాలు తొక్కుతూనే ఉంది. అతను తమ్ముడి వైపు చూడలేదు. ఎదురుగా చూస్తున్నాడు, ఒకప్పుడు సందు తలుపు కనిపించే వైపు. ఇప్పుడక్కడ తను కట్టించిన గోడ ఉంది. దానివైపే, అక్కడేదో బండి పోతున్నట్టు చూస్తున్నాడు.

కీచు లోపల ఏం జరిగిందో చెప్పడం కష్టం. క్షమించమని అడిగితే దానికో మాటుంది, ఇవతలివాడు సరేననో కుదరదనో అనొచ్చు. తిట్టుకీ మాటుంది, తిరిగి తిట్టొచ్చు. ఈ స్వరానికి అలాంటి పిడి ఎక్కడా లేదు. తప్పు చేశానన్నట్టూ ఉంది, నీ పొట్టి చేతుల కోసం ఎన్నిసార్లు ఆగాను, నువ్వొక్కసారి ఆగలేకపోయావే అన్నట్టూ ఉంది. భయంగా ఉందిరా అన్నట్టు ఉంది. ఏమీ అననట్టు, అలవాటుపడ్డ వేలు అలవాటైన చోట ఆగినట్టు కూడా ఉంది. అన్నీ ఒకేసారి ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకోబోతే మిగతావి జారిపోతున్నాయి. పదకొండేళ్లుగా అతను మడిచి దాచుకున్న వాక్యం దీని పక్కన పెడితే, చిన్నప్పటి చొక్కాలా ఎక్కడా సరిపోవడం లేదు.

బాబాయికి ఆ ఆగడం వింతగా తోచింది. అన్న మొహమూ కీచు మొహమూ మార్చి మార్చి చూశాడు.

"ఏదో అంటున్నాడ్రా వీడు నీతో. మాకేం తెలుస్తుంది? మాలో ఈ భాష వచ్చినోడివి నువ్వొక్కడివే. నీకేం అర్థమైందో చెప్పు, అదే వాడి మాట అనుకుంటాం. ఏమ్మా?"

వదిన తల ఊపింది. ఆయన పాట విని తెలుసుకోగలిగేది మరిదొక్కడే, అబద్ధం చెప్పడనే అనుకుంటున్నాను అంది. వాకిట్లో మందుల దుకాణం అతను, ఇదెక్కడి న్యాయమండీ, పాటలు విని పంపకాలా అంటూ స్టూలు మీంచి లేచాడు. బాబాయి చెయ్యెత్తి అతన్ని కూర్చోబెట్టాడు.

చెబితే చాలు. ఒప్పుకున్నాడు బాబాయ్, అంటే చాలు. గోడ కూలుతుంది, ఆరడుగులు వస్తాయి, అద్దం పెట్టి అందులో పెట్టె పెట్టొచ్చు. పైగా అబద్ధం కూడా కాదేమో, ఆ స్వరంలో ఒప్పుకోవడం లేదని ఎవరనగలరు? కీచు నోరు తెరిచాడు. అన్న కాలు అలసిపోతోంది, స్వరం మునిగి మళ్లీ తేలింది. మెట్టు మీద ఆ వేలు మాత్రం లేవలేదు. ఆ వేలినే చూస్తూ ఉంటే నర్సమ్మ మాట చెవిలో పడింది. దుప్పటి మీద వేళ్లు కదిలిస్తూ పడుకునేవాడు.

ఇన్నేళ్లూ ఆ మాటని అన్న మీద సాక్ష్యంగానే దాచుకున్నాడు. ఆ వేళ్లు ఏం చేస్తున్నాయని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఇంకేం చేస్తాయి? నాన్న ఈ పాటే వాయించి ఉంటాడు. మంచం పక్కన అన్న కూర్చుని, గొంతు లేనివాడి వేళ్లని చూస్తూ ఉండి ఉంటాడు. ఇలాగే అన్నీ ఒకేసారి విని ఉంటాడు. అందులోంచి తనకి కావాల్సిన ముక్కని ఏరుకుని బయటికొచ్చి, నాన్న ఇలా అన్నాడని చెప్పి ఉంటాడు. అప్పటికి అది అబద్ధమని అతనికీ తెలిసి ఉండకపోవచ్చు. లేదా తెలిసే ఉండొచ్చు. అది ఇక ఎప్పటికీ తేలదు. తేలింది ఒక్కటే. ఇప్పుడు తన నాలుక చివర ఉన్న మాట అచ్చం అలాంటిదే.

బాబాయి, ఊ, చెప్పరా అంటున్నాడు. స్వరం మళ్లీ మునిగింది, ఈసారి తేలేలా లేదు.

కీచు వెళ్లి బల్లకు కుడివైపు కూర్చున్నాడు. పడిపోబోతున్న పీటని తన కుడి కాలితో తొక్కాడు. ఇద్దరూ కలిసి వాయించేటప్పుడు అతనెప్పుడూ తొక్కలేదు, అది అన్న పని. గాలి నిలబడింది. చివరి మెట్టుకి చెయ్యి చాపి, అక్కడినుంచి దిగడం మొదలుపెట్టాడు, ఆలస్యంగా. అన్న చేసిన పెట్టె కదా, పై మెట్లు ఘోరంగా ఉన్నాయి. ఒకటి గురకపెట్టింది, ఒకటి పలకనే లేదు, రెండు కలిసి పోట్లాడుకున్నాయి. అయినా వాయించాడు. తను దిగి వచ్చాక అన్న ఆ స్వరాన్ని వదిలి ముందుకి పోవాలి. పాట అలాగే ఉంటుంది. అన్న వదల్లేదు. ఇంకాసేపు పట్టుకున్నాడు. ఈసారి కీచే ఆగాల్సి వచ్చింది. ఎటు చూడాలో తెలియక అతనూ గోడ వైపే చూశాడు.

పాట అయిపోయింది. తండ్రి లెక్కలో ఆ పెట్టె అమ్మకానికి పనికిరాదు.

"ఇప్పుడు చెప్పరా," అన్నాడు బాబాయి. "ఏమన్నాడు?"

"నాకు తెలీదు బాబాయ్."

"తెలీదంటే? మొహం అలా చేసుకుని తెలీదంటావేంట్రా?"

"తెలీదు. వాయించాడు. అంతే."

బాబాయి, నీ ఇష్టం అని చేతులు దులుపుకున్నాడు. మందుల దుకాణం అతను, దేవుడు కరుణించినట్టు, జేబులోంచి టేపు తీశాడు. వదిన మొగుడి చొక్కా గుండీ సరిచేసింది. కీచు గుమ్మం దాటుతుంటే వెనకనుంచి అన్న గొంతు వినిపించింది.

"రేపు."

ఆగాడు. రేపటికి ఈ షాపుండదు, ఆ వారం తిరిగేలోపు అన్న ఊళ్లోనే ఉండడు. ఆ మాటని కూడా ఏమనుకోవాలో తెలియలేదు. ఊ, అన్నాడు.

అన్న మీద కోపం పోయిందా అంటే పోలేదు. తన మీద ఇంకో కోపం వచ్చి దాని పక్కన కూర్చుంది. ఒక్క మాట, ఒక్క అవును అనుంటే ఎవరి సొమ్ము పోయేది? వీధి చుట్టూ తిరిగి సందులోకి వచ్చాడు. గోడ ఇవతల తన గది చీకటిగా, తోళ్ల వాసనతో అలాగే ఉంది. భార్య తలుపు దగ్గరే నిలబడి ఉంది. పాట ఆమె కూడా విన్నదట. రెండు వైపులదీ. పెళ్లయి వచ్చిన కొత్తల్లో విన్నానండీ, మళ్లీ ఇదే అంది. కళ్లు తుడుచుకుని, ఇంతకీ మీ అన్న ఏమన్నాడు, మనకేం వచ్చింది అని అడిగింది.

కీచు చెప్పబోయాడు. ఆ స్వరం గురించి, దుప్పటి మీది వేళ్ల గురించి, అన్న గోడ వైపు చూడటం గురించి. రెండుసార్లు మొదలుపెట్టాడు, రెండుసార్లూ నోట్లోకి వచ్చిన మాట అది కాదు. చివరికి మాటల్లో చెప్పడానికి వీలైనది ఒక్కటే కనబడింది. అదే చెప్పాడు. వీధి మొహం ఆరడుగులు, లోతు ముప్పై. మొత్తం ఇరవై గజాలు పోయాయి.